బాప్తిస్మం తీసుకున్నాక నిజాయితీగా బ్రతకడమంటే ఏమిటి? మిర్యాలగూడ తమ్ముడి ప్రశ్నకు నా జవాబు

తమ్ముడికి ప్రభువు నామమున వందనములు.

మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇదే ప్రశ్నను మనసులో పెట్టుకొని ఎవరినీ అడగలేక ఊరుకున్నవారు మన జిల్లాల్లో చాలామంది ఉన్నారు. మీరు మిర్యాలగూడ దగ్గర ఒక రైసు మిల్లులో కాంటా గుమాస్తాగా పనిచేస్తున్నారు. మూడేళ్ళ కిందట బాప్తిస్మం తీసుకున్నారు. ఆదివారం ఆరాధన మానరు, శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వెళ్తారు, జీతంలో దశమభాగం ఇస్తారు. అయినా ప్రార్థనలో పక్కవారికి వచ్చినట్టు మీకు కన్నీళ్ళు రావు. మిల్లులో రైతు వడ్ల తూకంలోంచి బస్తాకు ఇంత అని కోసే తరుగు లెక్క మీ చేతితోనే రాస్తారు. ఊళ్ళో ఉన్న అమ్మగారు "చర్చికి పోవట్టినంక మమ్ముల మర్సినవ్ బిడ్డా" అన్నారు. బాబును బడిలో వేయడానికి కుల ధ్రువీకరణ పత్రం తీయవలసి వచ్చి, అక్కడ ఏమని రాయాలో తోచలేదు. "నా విశ్వాసం నిజమైనదేనా? క్రైస్తవుడిగా నిజాయితీగా బ్రతకడమంటే అసలు ఏమిటి?" అని అడిగారు.

నేను పాలమూరు జిల్లాలోని ప్రభుత్వాసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. మా సంఘంలో స్త్రీల సమాజం బాధ్యత చాలాకాలంగా నా మీద ఉంది. వార్డుల్లోనూ విశ్వాసుల ఇళ్ళల్లోనూ చూసినదాన్ని, వాక్యంలో చదివినదాన్ని పక్కపక్కన పెట్టి చెబుతున్నాను.

సూటిగా చెప్పాలంటే: దేవుని చిత్తమని మనకు ఇప్పటికే స్పష్టంగా తెలిసిన పనిని, దాని వల్ల మనకు నష్టం వచ్చే చోట కూడా, సంఘంలో ఎవరూ చూడకపోయినా చేయడమే నిజాయితీ గల విశ్వాసం. చేయలేకపోయిన రోజున దాన్ని దాచకుండా ఒప్పుకొని, మన వల్ల ఎవరు నష్టపోయారో వారితో సరిచేసుకోవడం కూడా అందులో భాగమే. మీ విశ్వాసం అబద్ధమని నేను అనుకోవడం లేదు. అబద్ధంలో హాయిగా ఉన్నవాడికి తరుగు లెక్క రాసేటప్పుడు మనసు గుచ్చుకోదు. అయితే మీ నిజాయితీ ఇంకా మందిరం గడప దాటినట్టు లేదు. మిల్లుకూ అమ్మగారి ఇంటికీ అది చేరవలసి ఉంది.

కన్నీళ్ళ విషయం ముందు తేల్చుకుందాం, దాని గురించి మీరు అనవసరంగా నలిగిపోతున్నారు. కొందరిది మెత్తని స్వభావం, పాట అందుకోగానే కళ్ళు నిండుతాయి. కొందరు కన్నతండ్రి పోయినా నలుగురిలో ఏడవలేరు. ఈ తేడా పుట్టుకతో వచ్చింది, దీనికీ విశ్వాసానికీ లంకె లేదు. మత్తయి సువార్త ఆరవ అధ్యాయంలో ప్రభువు ప్రార్థన నేర్పినప్పుడు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకొమ్మన్నాడు, ఎక్కువ మాటలు పలికితే వినబడుతుందని అనుకోవద్దన్నాడు. ఏడవ అధ్యాయంలో "ప్రభువా, ప్రభువా అని నన్ను పిలుచు ప్రతివాడును పరలోకరాజ్యములో ప్రవేశింపడు" అని చెప్పి, తండ్రి చిత్తప్రకారం చేసేవాడే ప్రవేశిస్తాడన్నాడు. ఆ వెంటనే ఎవరు వచ్చి మొరపెట్టుకుంటారో చూడండి: ప్రవచించినవారు, దయ్యాలను వెళ్ళగొట్టినవారు, అద్భుతాలు చేసినవారు. మన కూటాల్లో ఎవరిని చూసి "ఎంత విశ్వాసమమ్మా" అని మెచ్చుకుంటామో సరిగ్గా వారే "మిమ్మును ఎన్నడును ఎరుగను" అన్న మాట వింటున్నారు. నాకు ఈ భాగం చదివినప్పుడల్లా భయం వేస్తుంది, ఆ భయం మంచిదేనని కూడా అనిపిస్తుంది.

ఒక నర్సుగా ఇంకొకటి చెప్పాలి. ప్రార్థనలో ఏమీ అనిపించకపోవడం వేరు. కొన్ని వారాలుగా నిద్ర పట్టక, అన్నం సహించక, దేవుడు నన్ను విడిచేశాడు, నేను బ్రతికి లాభం లేదు అన్న ఆలోచనలు తిరగడం వేరు. రెండవది జబ్బు. దానికి ఉపవాసాలు పెంచుకోవద్దు, డాక్టరును కలవండి. 14416 నంబరుకు ఫోను చేస్తే ప్రభుత్వ టెలీ మానస్ సేవలో తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనవసరం లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. నేను పైన చెప్పినదాన్ని విని, సరే అలాగైతే మంచి పనులు చేసి దేవుణ్ణి మెప్పిస్తానని బయలుదేరితే దారి తప్పినట్టే. ఎఫెసీ పత్రిక రెండవ అధ్యాయంలో ఎనిమిది, తొమ్మిది వచనాలు మన సంఘాల్లో చిన్నపిల్లలకు కూడా కంఠస్థం: రక్షణ కృపచేతనే, క్రియల వల్ల కలిగినది కాదు. పదవ వచనం మాత్రం అంతగా వినబడదు. దేవుడు ముందుగా సిద్ధపరచిన సత్క్రియల కోసమే మనం క్రీస్తులో సృజింపబడ్డామని అందులో ఉంది. కృప ముందు, క్రియలు తరువాత, కానీ రెండూ ఒకే వాక్యభాగంలోనివి. తండ్రి ఇంట్లో చోటు దొరికిన బిడ్డ ఆ ఇంటి పని చేసినట్టుగా మనం చేస్తాం.

ఈ క్రమం మన ప్రాంతంలో తారుమారు కావడానికి ఒక కారణం నాకు కనబడుతుంది. మనలో చాలామంది ప్రభువు దగ్గరికి జబ్బు వల్ల వచ్చాం. ఎవరికో ఫిట్స్ తగ్గాయి, ఎవరికో పిల్లలు పుట్టారు, ఎవరి భర్తో తాగుడు మానాడు. అందులో తప్పు లేదు. సువార్తల్లో ప్రభువు దగ్గరికి వచ్చినవారిలో చాలామంది అలా వచ్చినవారే. కానీ వచ్చాక కూడా మనసు మొక్కు లెక్కలోనే ఉండిపోతే, బాప్తిస్మం మొక్కు చెల్లించినట్టు అవుతుంది, దశమభాగం వచ్చే ఏడాదికి ముందుగా కట్టిన మొక్కు అవుతుంది. అప్పుడు రెండవసారి జబ్బు వచ్చి తగ్గకపోతే విశ్వాసం కూలుతుంది, లేదా విశ్వాసం రుజువు చేసుకోవడానికి మందులు మానేస్తారు. ఆరు నెలల టీబీ కోర్సును రెండు నెలలకే ఆపి, "ప్రార్థన చేయించుకున్నాం సిస్టర్, ఇంక ఎందుకు" అన్నవారిని నేను చూశాను. మందులకు లొంగని టీబీతో వారు తిరిగి రావడమూ చూశాను. మాత్రలు వేసుకోవడం అవిశ్వాసం కాదు. దీని గురించి ఎవరితోనైనా వాదించడానికి నేను సిద్ధం.

విశ్వాసమంటే క్రీస్తు వెంట నడవడమేనన్నది మన దగ్గరి సంఘాలకు కొత్త బోధ కూడా కాదు. నల్లగొండలో 1890 ప్రాంతంలో పని మొదలుపెట్టిన ఫ్రీజెన్ దంపతులు రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్లు అనే క్రైస్తవ శాఖవారు, అమెరికన్ బాప్టిస్టు మిషనుతో కలిసి పనిచేశారు. తరువాత మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, దేవరకొండ వైపు మెన్నొనైట్ బ్రదరెన్ వారు వచ్చారు, మనం ఎం.బి. చర్చి అనేది అదే. వీరి మూలాలు 1525 జనవరిలో జ్యూరిక్‌లో జరిగిన ఒక చిన్న కూడికలో ఉన్నాయి. పసిపిల్లలుగా ఇతరులు ఇప్పించిన బాప్తిస్మం చాలదని, తెలిసి నమ్మి తమంతట తామే తీసుకోవాలని వారు అన్నారు, దానికి ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1569లో నెదర్లాండ్స్‌లోని ఆస్పెరెన్ దగ్గర డిర్క్ విల్లెమ్స్ అనే విశ్వాసి చెర నుంచి పారిపోతుండగా, తరుముకొస్తున్న భటుడు మంచు పగిలి నీళ్ళలో పడ్డాడు. విల్లెమ్స్ వెనక్కి తిరిగి వచ్చి అతణ్ణి బయటికి లాగాడు, పట్టుబడ్డాడు, కాల్చి చంపబడ్డాడు. శత్రువును ప్రేమించమన్న మాటను అతను ఒక్క క్షణంలో పాటించవలసి వచ్చింది, ఆలోచించుకునే వ్యవధి లేదు. మీరు నీళ్ళలో దిగి తీసుకున్న బాప్తిస్మం ఆ వరుసలోనిది.

మనకు అంత పెద్ద పరీక్షలు రావు. మనకు వచ్చేవి పూట పూటకూ వచ్చే చిన్నవి. అలాంటిదొకటి నేను దగ్గరగా చూసింది చెబుతాను, మీ కాంటా ప్రశ్నకు అది పనికొస్తుంది.

నేను కాన్పుల వార్డులో పనిచేసిన ఒక ఆసుపత్రిలో ఒక ఆయా ఉండేది. ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, మందులు, భోజనం, ఇంటికి చేర్చే వాహనం అన్నీ ఉచితం. 2011 నుంచి జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద అది దేశమంతటా ఉన్న నియమం. అయినా బిడ్డ పుట్టగానే మగబిడ్డకు ఇంత, ఆడబిడ్డకు ఇంత అని వసూలు చేసి, ఆ షిఫ్టులో ఉన్నవారు పంచుకోవడం అలవాటుగా జరిగేది. అచ్చంపేట, అమ్రాబాద్ వైపు తండాల నుంచి, పెంటలనే చెంచు గూడేల నుంచి వచ్చిన ఆడవాళ్ళకు, భర్త పూనాలోనో బొంబాయిలోనో మేస్త్రీ కింద పనిలో ఉంటే, ఆ డబ్బు అమ్మమ్మ కొంగుముడి నుంచి రావలసిందే. ఆ ఆయా కొత్తగా బాప్తిస్మం తీసుకుంది. సంఘంలో లేచి ఒక్కసారి కూడా సాక్ష్యం చెప్పి ఎరుగదు, చదువు రాదు, పాటల పుస్తకం తిప్పలేదు. మొదట తన వాటా వద్దని, మిగిలినవారినే తీసుకోమని చెప్పింది. తోటివారికి అది ఇబ్బంది కాలేదు, వారికి ఇంకొంచెం ఎక్కువ వచ్చింది. కొన్ని నెలల తరువాత ఒక రాత్రి డ్యూటీలో గుడ్డలు మడత పెడుతూ నాతో అన్నది: "అక్కా, నేను తీసుకోకుంటే ఏమైతది? ఆ ముసలామె పైసలు పోనే పోయినయి గద." ఆ తరువాత నుంచి ఆమె కాన్పుకు వచ్చినవాళ్ళను లోపలికి తీసుకెళ్ళేటప్పుడే, మంచం మీద దుప్పటి పరుస్తూ, "ఎవ్వరికి ఏం ఇయ్యకుండ్రి, అడిగితే నా పేరు చెప్పుండ్రి" అని చెప్పడం మొదలుపెట్టింది. తోటివారు ఆమెతో మాటలు మానేశారు. వరుసగా రాత్రి డ్యూటీలే వేయించారు. ఆమె ఎవరిపైనా ఫిర్యాదు చేయలేదు, ఎవరినీ తిట్టలేదు, రాత్రి డ్యూటీలు చేసుకుంది. వసూళ్ళు పూర్తిగా ఆగాయని చెప్పను. ఆమె ఉన్న షిఫ్టులో మాత్రం ఆగాయి.

ఆమె రెండు మెట్లు ఎక్కడం నేను చూశాను. నా చేతికి అంటకపోతే చాలనుకోవడం మొదటిది. నా చేతి ముందు నష్టపోతున్న మనిషిని చూడడం రెండవది. మనలో చాలామందికి మొదటి మెట్టు మీదే మనస్సాక్షి నిద్రపోతుంది.

ఇక మీ కాంటా. తరుగు అంతా దొంగతనమని నేను అనను. వడ్లలో తాలు, మట్టి ఉంటే, తేమ నిర్ణయించిన 17 శాతం కంటే ఎక్కువ ఉంటే, దానికి తగినంత తీయడం న్యాయమే. ఎండబోసి, తూర్పారబట్టి తెచ్చిన శుభ్రమైన వడ్లకు కూడా బస్తాకు రెండు కిలోలు అని గుడ్డిగా తీస్తున్నారే, మీ మనసు గుచ్చుకునేది అక్కడ. లెక్క వేసి చూడండి. 2025–26కు ఎ గ్రేడు వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. నలభై కిలోల బస్తాకు రెండు కిలోలు పోతే దాదాపు 48 రూపాయలు, నూరు బస్తాలకు 4,800 రూపాయల దాకా. కౌలు కట్టి, బోరు మీద ఆశపెట్టుకొని యాసంగి వేసిన రైతుకు అది ఎరువుల అప్పులో ఒక భాగం.

మీ వంటివారు బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి వచ్చి, మేమేమి చేయవలెనని అడిగిన సంగతి లూకా సువార్త మూడవ అధ్యాయంలో ఉంది. వచ్చినవారు సుంకరులు, అంటే వసూళ్ళ ఉద్యోగులు. ఉద్యోగం మానేసి ఎడారికి రమ్మని యోహాను అనలేదు. "మీకు నిర్ణయింపబడిన దానికంటె ఎక్కువ తీసికొనవద్దు" అన్నాడు. ఎవరినీ బాధపెట్టవద్దని, జీతంతో తృప్తిపడమని సైనికులకు చెప్పాడు. నాకు ఈ జవాబు ఎంతో ఇష్టం, ఎందుకంటే ఇందులో పెద్ద మాటలు లేవు, మరునాడు పొద్దున పనిలో చేయగలిగినది మాత్రమే ఉంది. అదే పద్ధతిలో మీకు చెబుతాను. తేమ మీటరు ఎంత చూపితే అంతే రాయండి, రైతును పిలిచి ఆ అంకె చూపించండి. ఇక్కడ ఇంత తరుగు తీస్తారని ట్రాక్టరు దించక ముందే రైతుకు చెప్పండి, ఇష్టం లేకపోతే వేరే మిల్లుకు తీసుకెళ్ళే వీలు అతనికి ఉంటుంది. మీ చేతి వాటంగా, యజమాని చెప్పకుండా గుమాస్తాలు వేసుకునేది ఏదైనా ఉంటే అది ఈరోజే ఆగాలి, దానికి వాయిదా లేదు. యజమానితో ఒంటరిగా, గౌరవంగా ఒకసారి మాట్లాడండి. శుభ్రమైన సరుకుకు తరుగు తగ్గిస్తే మంచి రైతులు మన దగ్గరికే వస్తారన్నది ఆయనకు కూడా అర్థమయ్యే మాటే. ఆయన ఒప్పుకోకపోతే వేరే పని వెతకడం మొదలుపెట్టండి. అది దొరికేదాకా ఇంట్లో పిల్లలకు అన్నం పెట్టవలసిన బాధ్యత కూడా దేవుడు ఇచ్చినదే. ఒకరి కింద పనిచేసేవాడికి అన్నీ తన చేతిలో ఉండవని దేవునికి తెలుసు. కుష్ఠు నయమైన సిరియా సేనాధిపతి నయమాను, తన రాజు రిమ్మోను అనే దేవత గుడిలో తన చేయి ఆనుకొని వంగినప్పుడు తానూ వంగవలసి వస్తుందని, దానిని క్షమించమని అడిగితే, ప్రవక్త ఎలీషా అతణ్ణి గద్దించలేదు, నెమ్మదిగా వెళ్ళమన్నాడు. అయితే నయమాను ఆ విషయం దాచలేదు, తానే బయటపెట్టాడు. దాచుకున్న రాజీకీ, దేవుని ముందు ఒప్పుకొని మోస్తున్న బరువుకీ చాలా తేడా ఉంది.

గతంలో మీ వల్ల నష్టపోయినవారి సంగతి కూడా ఉంది. సుంకరి జక్కయ్య ప్రభువు ముందు నిలబడి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. మీరు నాలుగంతలు ఇవ్వలేరు, ఎవరి దగ్గర ఎంత తీశారో కూడా గుర్తుండదు. గుర్తున్న ఒకరిద్దరి దగ్గరికైనా వెళ్ళండి. కల్వకుర్తి వైపు ఒక ఊరిలో ఇద్దరు అన్నదమ్ములు, ఇద్దరూ విశ్వాసులే, గెట్టు పంచాయితీలో మాటలు లేకుండా ఉండేవారు. అన్న ప్రతి దున్నకంలో ఒక్కో సాలు తమ్ముడి వైపు జరిపాడు. మత్తయి ఐదవ అధ్యాయంలో, అర్పణను బలిపీఠం ముందే విడిచిపెట్టి మొదట సహోదరునితో సమాధానపడమన్న మాట ప్రభురాత్రి భోజనం ముందు చదివినప్పుడు, అతను ఆ బల్లలో పాలుపొందకుండా లేచి వెళ్ళిపోయాడు. విత్తనాలకు ముందు తాడు పట్టించి కొలిచి, హద్దు రాళ్ళను తానే మోసి పాత చోట పాతాడు. తమ్ముడు వెంటనే కౌగిలించుకున్నాడని అనుకోవద్దు. చాలాకాలం దాకా మాట్లాడలేదు, భయపడి చేశాడని ఊళ్ళో చెప్పుకున్నాడు కూడా. సరిచేయడం మన పని, ఎదుటివారు దాన్ని ఎలా తీసుకుంటారన్నది మన చేతిలో లేదు.

కుల ధ్రువీకరణ పత్రం గురించి అడిగారు. చట్టం ఇది: 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం ఆ హోదా హిందువులకు, 1956 నుంచి సిక్కులకు, 1990 నుంచి బౌద్ధులకు ఉంది, క్రైస్తవులకు లేదు. మన రాష్ట్రంలో షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవులైనవారు, వారి సంతానం బీసీ–సి వర్గంలోకి వస్తారు. 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒక కేసులో, క్రైస్తవాన్ని ఆచరిస్తూ కేవలం రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనని సుప్రీంకోర్టు అన్నది. ఈ చట్టం న్యాయమైనదని నేను అనుకోను. నీళ్ళలో మునిగి లేచినంత మాత్రాన ఊరి అంటరానితనం మనల్ని వదలలేదని వాడలో పుట్టిన ఎవరికైనా తెలుసు. దీన్ని మార్చమని అడగడం, అందుకోసం పోరాడడం కూడా విశ్వాసులు చేయవలసిన పనే. అంతదాకా, అడిగిన చోట అబద్ధం రాసి సంతకం పెట్టవద్దనే నా సలహా. బాబు విషయంలో వివరాలు ఒక మంచి వకీలును అడిగి తెలుసుకోండి. అయితే ఆకలికో చదువుకో భయపడి ఇంకోలా రాసినవారిని సంఘంలో వేలెత్తి చూపవద్దు. ఆ భయం ఎంతటిదో మనకు తెలుసు.

కులం గురించి ఒక్క మాట సంఘం లోపలి నుంచి కూడా చెప్పాలి. మన ప్రాంతంలో మొదటి విశ్వాసులు ఎక్కువగా మాల, మాదిగ వాడల నుంచి వచ్చారు. క్రీస్తులో అందరం ఒక్కటేనని ఆదివారం గలతీ పత్రిక చదువుతాం. పెళ్ళి సంబంధం వచ్చినప్పుడు, సంఘ ఎన్నికలు వచ్చినప్పుడు ముందు "వాళ్ళు మనోళ్ళేనా" అని అడుగుతాం. తరువాత డోర్నకల్‌కు బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో నిలబడి, మీరు పేదలకు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు స్నేహితులను కూడా ఇవ్వండని మిషనరీలను అడిగాడు. అప్పుడు తెల్లవారిని అడిగిన ఆ మాటనే ఇప్పుడు మన సంఘాల్లో ఒక వాడవారు ఇంకో వాడవారిని అడగవలసి వస్తోంది. మీ ఇంట్లో భోజనానికి ఎవరు కూర్చుంటున్నారో ఒకసారి గుర్తు చేసుకోండి.

ఇక అమ్మగారు. మీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే బాధ కలిగించిన వాక్యం ఆమెది. మీరు ఇంకో చోట, దశమభాగం మొదలుపెట్టాక అమ్మకు నెలనెలా పంపేది తగ్గించవలసి వచ్చిందని, ఆమె బీపీ మాత్రలు అన్న కొనిస్తున్నాడని రాశారు. తమ్ముడూ, మార్కు సువార్త ఏడవ అధ్యాయం తీసి నిదానంగా చదవండి. తల్లిదండ్రులకు ఇవ్వవలసినదాన్ని "కొర్బాను", అంటే దేవునికి అర్పితమని చెప్పి ఎగ్గొట్టేవారిని ప్రభువు ఎంత కఠినంగా మందలించాడో అందులో ఉంది. దేవుని వాక్యాన్ని నిరర్థకం చేస్తున్నారని అన్నాడు. తన ఇంటివారిని సంరక్షించనివాడు అవిశ్వాసికన్న చెడ్డవాడని పౌలు తిమోతికి రాశాడు. నేను కానుకకు వ్యతిరేకిని కాదు, నా పింఛనులో మొదట తీసేది అదే. కానీ తల్లి మందుల డబ్బును తెచ్చి కానుక పెట్టెలో వేస్తే దేవుడు సంతోషించడు. దశమభాగం తెమ్మన్న మలాకీ మూడవ అధ్యాయం చూపించి ఎవరైనా దీనికి అడ్డం చెబితే, పుదీనలో పదవవంతు చెల్లించి న్యాయాన్ని, కనికరాన్ని, విశ్వాసాన్ని విడిచినవారితో ప్రభువు మాట్లాడిన మత్తయి ఇరవై మూడవ అధ్యాయాన్ని కూడా చదవమనండి.

ఆమె మిమ్మల్ని దూరమైపోయావనడానికి డబ్బు ఒక్కటే కారణం కాదనుకుంటాను. పండుగలకు ఊరికి వెళ్ళడం మానేశారు. వెళ్ళినా ఆమె పెట్టినది ముట్టుకోలేదు, అందరి ముందు "ఇది విగ్రహాలకు పెట్టింది" అన్నారు. ఆ మాటకు ఆమె ముఖం ఎలా అయిందో మీరే రాశారు. పౌలు కొరింథీయులకు ఈ విషయంలో రాసినది చాలా సూక్ష్మంగా ఉంటుంది: విగ్రహం వట్టిదని ఆయనకు తెలుసు, అయినా దానికి చేసే ఆరాధనలో పాలు పొందవద్దన్నాడు, ఒకరి ఇంట్లో భోజనానికి పిలిస్తే ఏ విచారణా చేయక తినమన్నాడు, ఇది బలి అర్పించినదని ఎవరైనా చెబితే వారి మనస్సాక్షి కోసం మానమన్నాడు. ఈ హద్దు ఎక్కడ గీయాలన్నదాంట్లో మంచి విశ్వాసులే ఒకరితో ఒకరు ఏకీభవించరు. రోమా పత్రిక పద్నాలుగవ అధ్యాయం అలాంటి భేదాల కోసమే రాయబడింది. నా మట్టుకు నేను పాటించేది ఇది: పూజలో కూర్చోను, నైవేద్యం తీసుకోను, కానీ ఆ సంగతి పండుగకు వారం ముందే, ఒంటరిగా, మెత్తగా చెబుతాను, నలుగురిలో చెప్పను. వారు మామూలుగా వండిన అన్నం, పప్పు, సకినాలు కడుపునిండా తింటాను.

సద్దుల బతుకమ్మనాడు మీరు గౌరమ్మ ముందు కూర్చోనవసరం లేదు. చీకటి పడ్డాక మోకాళ్ళ నొప్పులున్న తల్లిని చెరువు కట్ట దాకా చేయి పట్టుకొని తీసుకెళ్ళి, తిరిగి ఇంటికి చేర్చడం మాత్రం కొడుకు పని. అందులో ఏ ఆరాధనా లేదు. దీన్ని మీ పాస్టరు గారు ఒప్పుకోకపోవచ్చు, ఆయనతో కూర్చొని వాక్యం తెరిచి మాట్లాడండి, తొందరపడి ఎవరి మాటా కొట్టిపారేయవద్దు. మాత్రల డబ్బు విషయంలో మాత్రం ఎవరినీ అడగనవసరం లేదు. ఈ నెల జీతం నుంచే అది మొదలుపెట్టండి, ఇన్నాళ్ళూ ఆ భారం మోసిన మీ అన్నగారికి కూడా ఫోను చేసి ఆ మాట చెప్పండి.